పిల్లల కోపం న్యాయమైనదా, కాదా? అమ్మానాన్నలు, టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హైస్కూల్లో 22 ఏళ్లుగా తెలుగు చెప్తున్నాను. పేరెంట్స్ మీటింగ్ రోజున మార్కుల సంగతి మాట్లాడి లేచిన తల్లిదండ్రులు గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వస్తారు. "ఇంకొక్క మాట టీచర్, వీడి కోపం గురించి..." అని మొదలుపెడతారు. కొత్తగా చేరిన టీచర్లు స్టాఫ్ రూమ్‌లో అడిగేవీ ఇంచుమించు అవే ప్రశ్నలు. ఏటా అవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి, నా అనుభవంలో తేలిన జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వాళ్లు నేరుగా వెళ్లొచ్చు. 12 నుంచి 20 ఏళ్ల లోపు పిల్లలను మనసులో పెట్టుకుని రాసినవి ఇవి.

## ముందుగా, అసలు కోపం గురించి

"తన కోపమే తన శత్రువు" అని మనమే నేర్పించాం. ఇప్పుడు న్యాయమైన కోపం కూడా ఉంటుందంటే పిల్లలు అయోమయంలో పడరా?

ఆ పద్యం కంఠతా పట్టించిన మనమే ఇంట్లో "చీమూ నెత్తురూ లేదా నీకు, అన్ని మాటలు అంటుంటే ఊరుకున్నావా?" అని కూడా అంటాం. అంటే ఆ అయోమయం ఎప్పటినుంచో ఉంది. రెండు మాటలూ నిజమే. కోపం మనల్ని ఈడ్చుకుపోతే అది శత్రువే. కళ్లముందు అన్యాయం జరుగుతున్నా కోపం రాకపోతే మనిషిలో ఏదో మొద్దుబారిందని అర్థం. ఏ కోపాన్ని అణచుకోవాలో, ఏ కోపాన్ని వినాలో తేల్చుకునే దారి చూపిస్తే పిల్లలు అయోమయపడరు. ఆ దారి చూపించకుండా కోపమంతా చెడ్డదని చెప్పినప్పుడే తికమక పడతారు.

న్యాయమైన కోపానికీ, కాని కోపానికీ తేడా సులువుగా ఎలా చెప్పాలి?

నేను మూడు ప్రశ్నలు వాడతాను. నిజంగా ఏం జరిగింది? అది ఎవరైనా కావాలని చేశారా, పొరపాటున జరిగిందా? ఇప్పుడు నీ కోపం ఏం కోరుతోంది? మూడోదే అన్నిటికంటే ముఖ్యం. న్యాయమైన కోపం తప్పు సరికావాలని కోరుతుంది. "నా డబ్బు నాకు ఇచ్చెయ్యాలి", "ఇంకెవర్నీ ఇలా అనకూడదు" అంటుంది. అది కోరింది జరిగితే చల్లబడుతుంది. న్యాయం కాని కోపానికి అవతలివాడు ఏడవాలి, నలుగురిలో తల దించుకోవాలి. అది జరిగాక కూడా తృప్తి ఉండదు. ఒకే కోపంలో రెండూ కలిసి ఉండటం మామూలే కాబట్టి ఎంత పాలు ఏది అని చూడటం నేర్పాలి.

మా వాడికి అన్నిటికీ "కోపం వచ్చింది" అన్న ఒక్క మాటే తెలుసు. ఏం చేయాలి?

మాటలు నేర్పండి. కోపానికి మన తెలుగులో ఉన్నన్ని పేర్లు పిల్లల చేతికి ఇస్తే సగం పని అవే చేసిపెడతాయి.

నిద్ర చాలకో, ఆకలేసో, ఉక్కపోతకో వచ్చేది చిరాకు. అందులో అవతలివాళ్ల తప్పు ఏమీ ఉండదు. అలక మనవాళ్ల మీదే వస్తుంది, ఎవరో ఒకరు వచ్చి బతిమాలాలని ఎదురు చూస్తుంది. పక్కింటి అబ్బాయికి కొత్త బండి కొన్నారని లోపల రగిలేది అక్కసు. పడరాని మాట పడ్డప్పుడు వచ్చేది రోషం. దెబ్బ తీసేదాకా నిద్రపోనివ్వనిది కసి. మనకైనా, మనకేమీ కాని మనిషికైనా జరిగిన అన్యాయాన్ని చూసి వచ్చేది ధర్మాగ్రహం.

వీటన్నిటిలో పిల్లలకు ఎక్కువగా పనికొచ్చే మాట ఉక్రోషం. ఓడిపోయినప్పుడు, తప్పు మనదేనని లోపల తెలిసి కూడా బదులు చెప్పలేనప్పుడు తన్నుకొచ్చే కోపమది. బయటికి అచ్చం న్యాయమైన కోపంలాగే కనిపిస్తుంది. గొంతు అంతే లేస్తుంది, కళ్లలో నీళ్లూ వస్తాయి. ఒకసారి ఎనిమిదో తరగతిలో ఈ మాటలన్నీ బోర్డు మీద రాసి, ఈ వారంలో మీకు వచ్చినవేవో చెప్పమన్నాను. చాలాసేపు ఎవరూ లేవలేదు. చివరికి ఒక అబ్బాయి నిలబడి, "టీచర్, క్యారమ్స్‌లో ఓడిపోయి మా చెల్లిని కొట్టాను. కోపం అనుకున్నాను. అది ఉక్రోషం" అన్నాడు. క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు.

ఏ వయసు నుంచి ఇది నేర్పొచ్చు?

"అన్నయ్యకి పెద్ద ముక్క, నాకు చిన్న ముక్కా?" అని అడిగే వయసు వచ్చిందంటే మొదలుపెట్టొచ్చు. అప్పుడు వాళ్లకు కనిపించేది ఎక్కువ తక్కువ మాత్రమే. ఎనిమిది తొమ్మిదేళ్లకు "కావాలని చేశాడా, చూసుకోక చేశాడా" అన్నది బాగా పట్టుబడుతుంది. 12, 13 దాటాక రూలే తప్పుగా ఉందేమో, పెద్దవాళ్లే తప్పు చేస్తున్నారేమో అని కూడా ఆలోచిస్తారు. ఎదురు ప్రశ్నలు వేస్తున్నారని మనం విసుక్కునే కాలం అదే. నేర్పడానికి అంతకంటే మంచి కాలం లేదు.

పదో తరగతికి వచ్చేసరికి ఇంత కోపం ఎక్కడినుంచి వస్తోంది? చిన్నప్పుడు ఇలా ఉండేవాడు కాదు.

ఆ వయసులో మెదడు అన్ని చోట్లా ఒకే వేగంతో ఎదగదు. భయం, కోపం లాంటి ఉద్వేగాలను రాజేసే భాగాలు ముందే చురుకుగా ఉంటాయి. ఆగి ఆలోచించమని కళ్లెం వేసే నుదుటి వెనక భాగం పూర్తిగా ఎదగడానికి దాదాపు 25 ఏళ్లు పడుతుంది. దానికి తోడు నిద్ర. ఈ వయసు పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి పదకొండు దాకా హోంవర్క్, ఆ తర్వాత ఫోన్. ఐదారు గంటలు పడుకుని లేచిన పిల్లకు ఏ మాటన్నా సూదిలా గుచ్చుకుంటుంది. కోపం గురించి పెద్ద మాటలు మాట్లాడే ముందు ఒక వారం నిద్ర సరిచేసి చూడమని నేను చెప్తాను. కొన్ని ఇళ్లలో అంతటితోనే సగం గొడవలు తగ్గాయి.

## కోపం రాజుకున్న ఆ నిమిషంలో

మా అమ్మాయి అరుస్తున్నప్పుడే "ఇందులో న్యాయం ఉందా?" అని అడగొచ్చా?

వద్దు. గుండె దడదడ కొట్టుకుంటూ, ఊపిరి బిగపట్టి ఉన్న మనిషికి ఆ ప్రశ్న తప్పుపట్టినట్టే వినిపిస్తుంది. ఆ సమయంలో ఒకటి రెండు చిన్న మాటలు చాలు. "కోపంగా ఉన్నావు, కనిపిస్తోంది. తర్వాత మొత్తం వింటాను." ఇందులో కోపం ఒప్పని గానీ తప్పని గానీ మీరు తీర్పు చెప్పలేదు. అయితే "తర్వాత వింటాను" అన్నాక తప్పకుండా వినాలి. మర్చిపోతే రెండోసారి ఆ మాటను ఎవరూ నమ్మరు.

గది తలుపు ధడాలున వేసుకుంది. వెంటనే వెళ్లి తట్టాలా, వదిలేయాలా?

అరగంట వదిలేయండి. మధ్యలో గుమ్మం దగ్గర నిలబడి ఉపన్యాసం ఇవ్వకండి. ఆ తర్వాత అన్నం వేళకు మామూలుగా పిలవండి. "కోపం తగ్గిందా?" అని అడిగితే ఉన్న కోపం మళ్లీ గుర్తుకొస్తుంది. "అన్నం పెట్టాను, రా తల్లీ" అంటే చాలు. కానీ పిల్ల తనకు తాను హాని చేసుకుంటుందేమో అన్న అనుమానం ఏ కొంచెం ఉన్నా అరగంట లెక్క చూడొద్దు. వెంటనే తలుపు తీయించండి.

వాడు వస్తువులు విసిరేస్తాడు, ఒక్కోసారి చెయ్యి చేసుకుంటాడు. అప్పుడు కూడా కోపం న్యాయమేనా అని చూస్తూ కూర్చోవాలా?

ముందు ఆపాలి. చిన్నపిల్లలను, ముసలివాళ్లను అక్కడినుంచి తప్పించాలి. "కొట్టడం ఈ ఇంట్లో జరగదు" అని గట్టిగా, తక్కువ మాటల్లో చెప్పాలి. మీరు తిరిగి కొడితే, బలమున్నవాడిదే న్యాయం అన్న పాఠం అక్కడికక్కడే నేర్చుకుంటాడు. అంతా సద్దుమణిగాక రెండు లెక్కలు వేరువేరుగా చూడండి. పగిలిన వస్తువు లెక్క ఒకటి, కోపానికి కారణం లెక్క ఒకటి. కారణం సరైనదైనా పగలగొట్టినదానికి బాధ్యత వాడిదే. పగలగొట్టాడు కదా అని కారణం వినకుండా తోసేయడమూ తప్పే. చాలా ఇళ్లలో ఈ రెండో లెక్క ఎవరూ తెరవరు. వాడి గొంతు అందుకే మరింత పెరుగుతుంది.

## చల్లారిన తర్వాత

కూర్చోబెట్టి మాట్లాడేటప్పుడు ఏం అడగాలి?

చూసింది ఎంత, అనుకున్నది ఎంత అన్నది విడదీయించండి. తొమ్మిదో తరగతిలో ఇద్దరు ప్రాణస్నేహితులు ఉండేవారు. ఒకరోజు ఒకడు రెండోవాడి సైన్స్ రికార్డు నిలువునా చింపేశాడు. స్టాఫ్ రూమ్‌కి పిలిచి, "నువ్వేం చూశావో చెప్పు నాన్నా" అన్నాను. "నా రికార్డులో బొమ్మలన్నీ పాడైపోయి ఉన్నాయి టీచర్. వాడు నా బెంచీ దగ్గర నిలబడి ఉన్నాడు." "పాడుచేయడం చూశావా?" కొంచెంసేపు ఆగి, "వాడే అయ్యుంటాడు" అన్నాడు.

ఆ "అయ్యుంటాడు" దగ్గర ఆపాను. తెలుగు క్రియలో ఆ గుణం ఉంది. కళ్లతో చూసినదానికి "చేశాడు" అంటాం, ఊహించినదానికి "చేసుంటాడు" అంటాం. పిల్లలు నిజం చెప్తున్నప్పుడు ఆ తేడా వాళ్ల నోటే బయటపడుతుంది. పాడైన రికార్డు తెచ్చి చూశాం. ఉల్లిపొర కణాల బొమ్మ మీద సిరా నీళ్లలో కలిసి అలుక్కుపోయింది. పేజీలు ఇంకా తడిగా ఉన్నాయి. వాడి బ్యాగులోనే నీళ్ల బాటిల్ మూత సరిగ్గా పెట్టలేదు. వాడి ముఖం చూడలేకపోయాను. ఆ వారమంతా లంచ్ బెల్ తర్వాత కూర్చుని స్నేహితుడి బొమ్మలన్నీ మళ్లీ వేసి ఇచ్చాడు. స్నేహితుడు మొదటి రెండు రోజులు దూరంగా కూర్చున్నాడు. మూడో రోజు పక్కకి వచ్చి కణాలకు పేర్లు రాయడం మొదలుపెట్టాడు.

ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారని మండిపడుతున్నాడు. ఇది న్యాయమైన కోపమేనా?

కావచ్చు, కాకపోవచ్చు. మనకు చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఆ వయసులో నలుగురిలోంచి వెలివేయడం నిజంగా గాయమే. ముందు ఆ బాధను ఒప్పుకోండి. ఆ తర్వాత వివరాలు అడగండి. అందరూ కలిసి కావాలని తీసేసి, వెనక నవ్వుకుంటున్నారా? ఫోటోలు పెట్టి ఏడిపిస్తున్నారా? అలాగైతే కోపం సబబే. లేక వీడే గ్రూపులో ఎవర్నో నోటికొచ్చినట్టు అన్నాక తీసేశారా? స్క్రీన్‌షాట్ ఉంటే చివరి మెసేజ్ ఒక్కటే కాకుండా దానికి ముందు జరిగినదంతా చదవండి. పది మెసేజులు వెనక్కి వెళ్తే కథ మారిపోవడం నేను చాలాసార్లు చూశాను.

కారణం న్యాయమైనదే, కానీ వాడు చేసింది ఘోరం. ఈ రెండూ ఒకేసారి ఎలా చెప్పాలి?

నేను పిల్లలకు అశ్వత్థామ కథ చెప్తాను. యుద్ధంలో అబద్ధపు వార్త వినిపించి, ఆయుధం కింద పెట్టించి తండ్రి ద్రోణుణ్ణి చంపారు. ఆ కొడుక్కి కోపం రావడంలో తప్పేముంది? పిల్లలందరూ తప్పు లేదనే అంటారు. ఆ కోపంతో అర్ధరాత్రి శిబిరంలోకి వెళ్లి, ఏ పాపమూ ఎరగని ద్రౌపది కొడుకులు ఐదుగురినీ నిద్రలో చంపాడు. ఇక్కడికి వచ్చేసరికి క్లాసు నిశ్శబ్దమైపోతుంది. కోపం న్యాయంగా బయలుదేరి ఎక్కడ దారి తప్పిందో వాళ్లే చెప్తారు. "నాన్నని చంపినవాళ్లు వేరు, ఆ పిల్లలు వేరు" అంటారు.

తర్వాతి భాగం కూడా చెప్పాలి. అశ్వత్థామను కట్టేసి తెచ్చి ముందు నిలబెట్టినప్పుడు, కొడుకులందరినీ పోగొట్టుకున్న ద్రౌపది అతణ్ణి వదిలిపెట్టమంటుంది. నాలాగే ఇతని తల్లి కృపి కూడా ఏడవకూడదంటుంది. ఆమె కోపం న్యాయం కాదని ఎవరనగలరు? అయినా ఆ కోపం ఇంకొక తల్లి కడుపు మీదికి వెళ్లకుండా ఆపింది.

పక్కవాళ్లకి జరిగిన అన్యాయానికి మా అమ్మాయి ఊగిపోతుంది. "నీకెందుకమ్మా" అంటే మా మీద విరుచుకుపడుతుంది.

దయచేసి "నీకెందుకు" అనకండి. తనకు పైసా లాభం లేని కోపం చాలావరకు మంచి కోపమే. దాన్ని కాపాడాలి. అయితే ఆ అమ్మాయిని ఒక్కటి అడగండి. "ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్లని అడిగావా? వాళ్లకేం కావాలట?" ఒక్కోసారి బాధపడ్డ పిల్లకు గొడవ వద్దు, పక్కన కూర్చునే మనిషి కావాలి. అలా అడగడం అలవాటైతే తన కోపం ఆ పిల్లకు సాయపడుతోందో, కొత్త ఇబ్బంది తెచ్చిపెడుతోందో తనకే తెలుస్తుంది.

మా హీరోని తిట్టారని కొట్లాటకి దిగాడు. వాడి దృష్టిలో అది న్యాయమే!

పిల్లలకు అభిమానం నిజమైనదే, దాన్ని వెటకారం చేయకండి. "ఎవరికి నష్టం జరిగింది? ఎంత?" అని మాత్రం అడగండి. హీరోకు ఏమీ కాలేదు. వీడి చొక్కా చిరిగింది, ఒక స్నేహితుడు పోయాడు. దెబ్బ తగిలింది "మా వాళ్లు" అన్న గర్వానికి. ఆ గర్వం దెబ్బతిన్నప్పుడు వచ్చే కోపం అన్యాయం చూసి వచ్చే కోపమంత గట్టిగానే ఉంటుంది. కులం పేరుతో, ఊరి పేరుతో, పార్టీ పేరుతో రెచ్చగొట్టేవాళ్లు వాడుకునేది సరిగ్గా ఈ కోపాన్నే. అందుకే దీన్ని హీరో దగ్గరే గుర్తుపట్టడం నేర్పితే మంచిది.

కులం పేరు పెట్టి మా పిల్లాణ్ణి ఏడిపించారు. వాడు రగిలిపోతున్నాడు. "పోనీలే" అనమంటారా?

అనకండి. ఆ కోపం నూటికి నూరుపాళ్లు న్యాయమైనది, దాన్ని మూడు ప్రశ్నల్లో పెట్టి తూచాల్సిన పని కూడా లేదు. "నీ కోపం సరైనదే నాన్నా, తప్పు వాళ్లది" అని వెంటనే, స్పష్టంగా చెప్పండి. ఎస్సీ, ఎస్టీలను నలుగురిలో కులం పేరుతో దూషించడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ (అత్యాచారాల నిరోధక) చట్టం కింద నేరం. స్కూల్లో జరిగితే హెడ్‌మాస్టర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, తేదీ, సాక్షుల పేర్లతో సహా. పిల్లాడి వంక చూసి ఎవరూ "చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా" అనకుండా మీరు పక్కన ఉండండి.

## కోపం సబబే అని తేలితే

న్యాయమైన కోపమే. మరి ఇప్పుడు ఏం చేయమని చెప్పాలి?

కోపాన్ని ఒక పనిగా మార్చమని చెప్పాలి. ఎవరిని అడగాలి, సరిగ్గా ఏం కావాలి, ఎప్పటిలోగా? ఈ మూడూ ఒక తెల్లకాగితం మీద రాయించండి.

మన దగ్గర దీనికి గొప్ప ఉదాహరణ నెల్లూరు జిల్లా దూబగుంట. 1990ల మొదట్లో రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు, కూలి డబ్బంతా సారా కొట్టుకి పోతోందని కలిసికట్టుగా కదిలి తమ ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. వాళ్లలో ముందు నిలిచిన రోసమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. వాళ్ల కోపం తాగే మొగుళ్లను చంపాలని కోరలేదు, ఊళ్లో సారా ఉండకూడదని కోరింది. అంత తేటగా అడిగారు కాబట్టే జిల్లా జిల్లాకీ పాకింది. 1993 అక్టోబర్ 1న ప్రభుత్వం సారా నిషేధించింది. ఆ తర్వాత కల్లు, మద్యం చరిత్ర ఎన్ని మలుపులు తిరిగినా, చదువు అప్పుడప్పుడే నేర్చుకుంటున్న కూలి ఆడవాళ్ల కోపం ఏం చేయగలదో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే దగ్గరి కథ నాకు తెలియదు.

టీచరే అన్యాయం చేశారు. మా పాప మాట్లాడితే మార్కులు తగ్గిస్తారేమోనని టెన్షన్.

ఆ భయం ఉత్తదేమీ కాదు. అందుకే పిల్లను ఒంటరిగా పంపొద్దు. ముందు మీరే ఆ టీచర్‌ని విడిగా కలిసి, "ఇలా జరిగిందని మా అమ్మాయి చెప్పింది, మీ వైపు కూడా వినాలని వచ్చాను" అని మొదలుపెట్టండి. ఎక్కువ సమస్యలు అక్కడే తీరతాయి. కొట్టడం, మానసికంగా హింసించడం అయితే సంగతి వేరు. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ ఆ రెండింటినీ నిషేధించింది. హెడ్‌మాస్టర్ వినకపోతే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు. టీచర్‌గా నేనే ఈ మాట చెప్తున్నాను, మొహమాటపడకండి.

కాలేజీలో సీనియర్లు ర్యాగింగ్ చేస్తున్నారు. మా వాడు "నేనూ నలుగుర్ని పోగుచేసి తంతాను" అంటున్నాడు.

కోపం న్యాయమైనదే, దారి మాత్రం వాడినే దోషిగా నిలబెడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచి ఉంది. యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ కూడా 2009లో ర్యాగింగ్‌పై నిబంధనలు తెచ్చింది. 1800-180-5522 హెల్ప్‌లైన్ 24 గంటలూ పనిచేస్తుంది. ఏ రోజు, ఎక్కడ, ఎవరు, ఏమన్నారు అన్నవి రాయించండి, మెసేజులు డిలీట్ చేయనివ్వకండి. ఇంకో మాట. ఇవాళ ర్యాగింగ్‌కి రగిలిపోయిన పిల్లాడే మరుసటి ఏడాది "మమ్మల్నీ చేశారు కదా" అని జూనియర్ల మీద పడటం మనం చూస్తూనే ఉన్నాం. ఆ సంగతి వాడితో ఇప్పుడే మాట్లాడండి.

ఎంత చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. ఈ కోపం లోపలే ఉండిపోయి కసిగా మారదా?

మారే ప్రమాదం ఉంది. గాంధీగారికి 23 ఏళ్ల వయసులో జరిగినది చెప్పి చూడండి. 1893 జూన్ 7 రాత్రి, ఫస్ట్ క్లాస్ టికెట్ ఉండగా ఆయన్ని దక్షిణాఫ్రికాలో పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్‌లో రైలు నుంచి దింపేశారు. చలికి వణుకుతూ వెయిటింగ్ రూమ్‌లో కూర్చున్నారు. కోటు సామానులో ఉంది, అడిగితే మళ్లీ అవమానిస్తారని అడగలేదు. తెల్లవారాక చేసిన మొదటి పని రైల్వే జనరల్ మేనేజర్‌కి పొడవాటి టెలిగ్రామ్ ఇవ్వడం. మరుసటి ఏడాది అక్కడి భారతీయుల హక్కుల కోసం ఆయన పూనికతో నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ అనే సంఘం పుట్టింది. పిల్లలకు నేను ఆ టెలిగ్రామ్ గురించే ఎక్కువ చెప్తాను. ఎందుకంటే ఆ ఉదయం చేయగలిగింది అదొక్కటే, దాన్ని చేశారు. మీ పిల్లలకు కూడా ఇవాళ చేయగల చిన్న పని ఒకటి, తోడుగా నిలిచే మనిషి ఒకరు ఉంటే కోపం లోపల కుళ్లదు.

## కోపం సరికాదని తేలితే

తన కోపం తప్పని లోపల తెలిసినా ఒప్పుకోడు. పరువు పోతుందనుకుంటాడు.

అందరి ముందు ఒప్పించాలని చూడకండి. అన్నం తినేటప్పుడు చుట్టాల ముందు ఆ సంగతి ఎత్తకండి. బండి మీద వెళ్తున్నప్పుడో, మేడ మీద బట్టలు తీస్తున్నప్పుడో, ముఖాముఖి చూసుకోనక్కర్లేని చోట మాట్లాడితే పిల్లలు తేలిగ్గా బయటపడతారు. "నేనైనా అలాగే అనుకునేదాన్ని" అన్న మాట చాలా పని చేస్తుంది.

బలవంతంగానైనా సారీ చెప్పించాలా?

చెప్పించిన సారీ గోడకి చెప్పినట్టే ఉంటుంది. పాడైనదాన్ని బాగుచేసే పని అప్పగించండి. చింపిన పుస్తకానికి అట్ట వేయడం, అన్న మాటను అన్నచోటే వెనక్కి తీసుకోవడం. సారీ అన్న మాట ఆ పని మధ్యలో దానంతటదే వస్తుంది. రాకపోయినా పని జరిగింది కదా.

## పెద్దవాళ్ల వైపు

వాడి కోపం నా మీదే. "తప్పు నాదే" అని ఒప్పుకుంటే నెత్తికెక్కి కూర్చోడా?

అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. నా అనుభవం చెప్తాను. ఒకరోజు వెనక బెంచీల్లో గోల ఆగకపోతే విసిగిపోయి క్లాసు మొత్తాన్ని నిలబెట్టాను, గేమ్స్ పీరియడ్ రద్దు చేశాను. రెండో వరసలో అమ్మాయి, ఎప్పుడూ నోరు విప్పదు, లేచి "టీచర్, మాట్లాడింది ఇద్దరు. శిక్ష నలభై మందికి" అంది. చేతులు వణుకుతున్నాయి. నేను "ఎదురు చెప్తున్నావా?" అని కూర్చోబెట్టేశాను. ఆ రాత్రంతా నాకు ఆ చేతులే గుర్తొచ్చాయి. ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. గొంతు పెంచలేదు, ఎవర్నీ తిట్టలేదు. ఏం తప్పు జరిగిందో లెక్కతో సహా చెప్పింది. న్యాయమైన కోపం ఎలా ఉండాలని నేను నేర్పుతానో అచ్చం అలాగే ఉంది. దాన్నే నేను పొగరు అన్నాను.

మర్నాడు క్లాసులో, అందరి ముందే, "నిన్న తను చెప్పింది సరైనది, నేను చేసింది తప్పు" అన్నాను. గేమ్స్ పీరియడ్ తిరిగి ఇచ్చాను. ఎవరూ నెత్తికెక్కలేదు. ఆ ఏడాది ఆ క్లాసులో గొడవలు వస్తే పిల్లలు నా దగ్గరికే వచ్చేవారు. మన మీద వచ్చిన కోపం ఎప్పుడూ తప్పేనని తీర్పు చెప్తూ ఉంటే, ఏది న్యాయమో ఏది కాదో పోల్చుకునే కొలత పిల్లల దగ్గర ఉండదు. మొదటి కొలత మన దగ్గరే తీసుకుంటారు.

మా ఇంట్లో అబ్బాయి కోపం పౌరుషం, అమ్మాయి కోపం పొగరు. మా అత్తగారికి ఎలా చెప్పాలి?

అత్తయ్యగారితో వాదన వద్దు, ఇంటి పద్ధతి మార్చండి. ఒకే తప్పుకి ఇద్దరికీ ఒకే మాట, ఒకే శిక్ష. అమ్మాయి గొంతు లేచినప్పుడు "ఆడపిల్లవి, నెమ్మదిగా" అనకుండా "ఏం జరిగింది, చెప్పు" అనండి. అబ్బాయి విసిరిన కంచం వాడే తీయాలి, చెల్లెలో, మీరో తీయకూడదు. నెమ్మదిగా ఉండాలని మాత్రమే నేర్చుకున్న అమ్మాయి రేపు బస్సులో ఎవరైనా మీద చెయ్యి వేసినా కోపాన్ని మింగేస్తుంది. ఈ మాట అత్తయ్యగారికి ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పి చూడండి. ఆవిడ చిన్నప్పుడు మింగినవి ఆవిడకీ గుర్తుంటాయి.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి?

చిన్నచిన్న కారణాలకు వారంలో చాలాసార్లు అదుపు తప్పుతుంటే, మనుషులను, జంతువులను గాయపరుస్తుంటే, నిద్ర, తిండి, చదువు మూడూ దెబ్బతింటే, "చచ్చిపోతాను" అన్న మాట ఒక్కసారి విన్నా సరే, ఆలస్యం చేయకండి. పిల్లల్లో దిగులు చాలాసార్లు ఏడుపుగా కాకుండా కోపంగా బయటపడుతుంది. బయట ఎవరో బెదిరిస్తున్నా, ఒంటి మీద చెయ్యి వేస్తున్నా కూడా ఇంట్లో కోపంగానే కనిపించొచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416. ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లలు మాట్లాడటానికి ఇష్టపడకపోతే ముందు మీరే ఫోన్ చేసి, ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పి, ఏం చేయాలో అడగండి.